చేలో క్రూడాయిల్ పడితే మట్టిని బ్యాక్టీరియాతో ఎలా బాగుచేసుకోవాలి

కోనసీమలో చేల గట్ల మీద తిరిగేవాళ్లకి పైపులైను బోర్డులు కొత్త కాదు. భూమిలో గొట్టం ఉంది, ఇక్కడ తవ్వొద్దు అని రాసి, కింద ఒక ఫోన్ నంబరు ఉంటుంది. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే అదుపు తప్పి ఎగదన్ని, 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి మనుషులు, ఇళ్లు కాలిపోయాయి. అవి దేశమంతటికీ తెలిసిన ప్రమాదాలు. పేపర్లో జిల్లా పేజీలో నాలుగు లైన్లతో సరిపెట్టేసే చిన్న లీకులు వేరే ఉంటాయి. ఒక రైతు చేలో నాలుగు సెంట్లు నల్లబడతాయి, నీళ్ల మీద రంగుల తెట్టు కడుతుంది, ఆ ఏడు నాట్లు పడవు. ఆ రైతుకి అదే పెద్ద ప్రమాదం. ఈ వ్యాసం ఆ కుటుంబం కోసం. డీజిల్ ట్యాంకు కారిపోయిన రైస్‌మిల్లు వాళ్లకీ, రొయ్యల చెరువు జనరేటర్ షెడ్డు వాళ్లకీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఆయిల్‌ని తినే బ్యాక్టీరియా మీ చేలోనే ఉంది. దానికి గాలి, నత్రజని, భాస్వరం, తగినంత తడి అందితే పని చేస్తుంది. ఇవి అందకపోతే డబ్బాల్లో అమ్మే బ్యాక్టీరియా మందు ఎంత ఖరీదైనది తెచ్చి పోసినా చేయదు. ఆయిల్ పడిన చేల దగ్గర నన్ను మొట్టమొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఎకరానికి ఎన్ని లీటర్ల మందు పోయాలండీ?" దానికి నా జవాబు, మందు సంగతి చివర్లో చూద్దాం, ముందు చేలో నీళ్లు బయటికి తీయండి అని.

బ్యాక్టీరియా చేసే పని

సూడోమోనాస్, ఎసినెటోబ్యాక్టర్, రోడోకాకస్, బాసిల్లస్ జాతుల్లో చాలా రకాలకి పెట్రోలియం ఆహారం. ఆయిల్ అంటే ప్రధానంగా కార్బన్, హైడ్రోజన్ గొలుసులు. బ్యాక్టీరియా తన ఎంజైముతో గొలుసు కొసన ఒక ఆక్సిజన్ పరమాణువుని అతికిస్తుంది. అక్కడి నుంచి ఆ గొలుసు కొవ్వు ఆమ్లంగా మారి, రెండేసి కార్బన్ల ముక్కలుగా తెగి, చివరికి కార్బన్ డయాక్సైడు, నీరు అవుతుంది. కొంత కార్బన్ బ్యాక్టీరియా ఒంట్లో కలుస్తుంది. కొన్ని జాతులు సబ్బులాంటి పదార్థాన్ని తయారుచేసుకుని, మట్టికి పట్టిన జిడ్డుని తామే విడదీసుకుంటాయి.

మొదటి అడుగులోనే ఆక్సిజన్ కావాలన్నది గుర్తుపెట్టుకోండి. కిలో ఆయిల్ పూర్తిగా విరగాలంటే దాదాపు మూడున్నర కిలోల ఆక్సిజన్ పడుతుంది. అంత ఆక్సిజన్ 12, 13 ఘనపు మీటర్ల గాలిలో ఉంటుంది. నీళ్లు నిలిచిన వరి మడిలోకి అంత గాలి వెళ్లే దారే లేదు. చేలల్లో పడిన ఆయిల్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

అన్ని రకాల ఆయిల్ ఒకే వేగంతో పోదు. తిన్నని గొలుసులు ముందు పోతాయి, కొమ్మలున్నవి ఆ తర్వాత, ఉంగరాల ఆకారంలో ఉన్నవి ఇంకా నెమ్మదిగా. తారులాంటి బరువైన భాగం దాదాపు అలాగే మిగులుతుంది. అందుకే డీజిల్ పడిన నేల త్వరగా తేరుకుంటుంది. పాతబడి గడ్డకట్టిన క్రూడ్ చాలా సతాయిస్తుంది.

మొదటి రోజు

లీకు కనబడగానే దగ్గరికి వెళ్లకండి. గాలి ఎటు నుంచి వీస్తోందో చూసుకుని, గాలి వచ్చే వైపు దూరంగా నిలబడి బోర్డు మీద నంబరుకి, 101కి ఫోన్ చేయండి. బీడీ, అగ్గిపుల్ల, మోటారు స్విచ్చి, ట్రాక్టరు, బండి, ఏదీ ఆ చుట్టుపక్కల ఉండకూడదు. క్రూడ్ ఆవిరిలో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. కొన్ని బావుల ఆయిల్‌లో హైడ్రోజన్ సల్ఫైడు కూడా ఉంటుంది. దాని కుళ్లు గుడ్ల వాసన కాసేపటికి ముక్కుకి తెలియకుండా పోతుంది, ప్రమాదం మాత్రం తగ్గదు. లీకు ఆపేవరకు, ఆవిరి పోయిందని పైపులైను సంస్థ వాళ్లు మీటరుతో చూసి చెప్పేవరకు పిల్లల్ని, పశువుల్ని అటు పోనివ్వకండి.

దగ్గరికి వెళ్లొచ్చని చెప్పాక మీ పని ఒకటే, ఆయిల్‌ని ఉన్నచోటే ఆపడం. చుట్టూ మట్టితో గట్టు వేయండి. పంటబోదె తూములు మూసేయండి. బోదెలోకి దిగిన ఆయిల్ సాయంత్రానికి పక్క ఊరి చేలోకి చేరుతుంది. నీళ్ల మీద తేలే ఆయిల్‌ని ఎండుగడ్డి మోపులతో అడ్డుకట్ట వేసి ఒక మూలకి చేర్చి, డబ్బాలతో తోడి డ్రమ్ముల్లో పోయించాలి. తోడగలిగినంత ఆయిల్ తోడకుండా బ్యాక్టీరియా మీద భారం వేయకూడదు.

మూడు పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. తగలబెట్టకండి. పైపు దగ్గర అది ప్రాణాంతకం, పైగా మండగా మిగిలేది ఏ బ్యాక్టీరియా ముట్టని తారు. సర్ఫు, సబ్బు నీళ్లు కొట్టకండి. ఆయిల్ కనబడకుండా పోతుంది గానీ నీళ్లతో కలిసి లోపలికి, బావి వైపుకి దిగుతుంది. కొత్త మట్టి తోలి పైన కప్పేయకండి. గాలి పూర్తిగా ఆగిపోతుంది, పైకి మాత్రం చేను బాగున్నట్టే కనిపిస్తుంది. కాంట్రాక్టర్లకి బాగా ఇష్టమైన పద్ధతి ఈ మూడోదే, కాబట్టి గట్టు మీద ఎవరో ఒకరు కాపలా ఉండండి.

కాగితాలు

శుభ్రం చేయాల్సిన బాధ్యత ఆయిల్ వదిలిన సంస్థది. మీ చేను కింద పైపు వేసే హక్కు వాళ్లకి 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం ఇచ్చింది. నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలని చెప్పేదీ అదే చట్టం. పర్యావరణ నష్టానికి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి కూడా వెళ్లొచ్చు, పరిహారం కోసం ఐదేళ్లలోపు దరఖాస్తు పెట్టాలి. అందుకని తేదీ కనబడేలా ఫొటోలు, వీడియోలు తీయండి. వీఆర్వో దగ్గర, పోలీస్ స్టేషన్లో, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఆయిల్ మట్టిని లారీల్లో ఎక్కించి ఎటో పంపేస్తామంటే ఒప్పుకోకండి. అది ప్రమాదకర వ్యర్థాల 2016 నిబంధనల కిందికి వచ్చే సరుకు. మండలి అనుమతి, ఎక్కడికి వెళ్తోందో చెప్పే కాగితం లేకుండా కదలకూడదు. ఇక్కడి నుంచి రాసే పనులన్నీ చాలావరకు సంస్థ ఖర్చుతో, వాళ్ల మనుషులతో జరగాల్సినవి. అవి సరిగ్గా జరుగుతున్నాయో లేదో కనిపెట్టుకుని ఉండటానికి మీకు ఈ వివరాలు కావాలి.

మట్టి శాంపిల్

ఆయిల్ పడిన చోట ఐదారు జాగాల్లో, మూడు లోతుల్లో మట్టి తీయాలి. పైన ఆరంగుళాలు ఒకటి, ఆరు నుంచి అడుగు వరకు ఒకటి, అడుగు నుంచి రెండడుగుల వరకు ఒకటి. ఒకే లోతు మట్టిని కలిపి ఒక శాంపిల్ చేయండి. లోతుల్ని మాత్రం కలిపేయకండి, ఆయిల్ ఎంత కిందికి దిగిందన్నది అప్పుడే తెలుస్తుంది. ఆయిల్ పడని పక్క చేలో నుంచి కూడా ఒక శాంపిల్ తప్పనిసరి. రేపు ఏ లెక్కకైనా దాంతోనే పోల్చాలి. గాజు సీసాలో నిండా నింపి, మూత కింద అల్యూమినియం రేకు పెట్టి, ఐస్ పెట్టెలో ల్యాబుకి పంపాలి. ప్లాస్టిక్ సంచి ఆయిల్‌ని పీల్చుకుంటుంది, దాని నుంచి ఆవిరి కూడా పోతుంది.

ల్యాబులో అడగాల్సినవి: మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు, అంటే టీపీహెచ్. ఆమ్ల, క్షార గుణం చెప్పే ఉదజని సూచిక (పీహెచ్). లవణాలు చెప్పే ఈసీ. సీసం, నికెల్, వనేడియం లాంటి భార లోహాలు. వీలైతే గ్రాము మట్టిలో బ్యాక్టీరియా సంఖ్య.

టీపీహెచ్ కిలో మట్టిలో 50,000 మిల్లీగ్రాములు, అంటే 5 శాతం దాటితే బ్యాక్టీరియాకే విషమవుతుంది. అలాంటి మట్టిని ముందు తవ్వి తీసి, ఆయిల్ వేరుచేయించాలి. అంతకు తక్కువైతే ఇక్కడ చెప్పే పద్ధతి నడుస్తుంది. ఉదజని సూచిక 6 నుంచి 8 మధ్య ఉంటే మంచిది. డెల్టా నేలలకి సున్నం వేసే అవసరం సాధారణంగా రాదు.

ఈసీ సంగతి చాలామంది పట్టించుకోరు, నా బాధంతా అక్కడే. బావిలో నుంచి క్రూడ్ ఒక్కటే రాదు, దానితోపాటు ఉప్పునీరూ వస్తుంది. ఆయిల్ పోయినా ఆ ఉప్పు మట్టిలో మిగిలిపోతుంది. ఈసీ మీటరుకి 3 డెసీసీమెన్లు (రిపోర్టులో dS/m అని ఉంటుంది) దాటితేనే వరి దిగుబడిలో దెబ్బ తినడం మొదలుపెడుతుంది. రెండేళ్లు కష్టపడి ఆయిల్ పోగొట్టాక నారు మాడిపోతే, బ్యాక్టీరియా పని చేయలేదని వదిలేసినవాళ్లని చూశాను. అక్కడ మిగిలింది ఉప్పు. ఆయిల్ తగ్గాక జిప్సం వేసి, కాలువ నీళ్లు పెట్టి, మురుగు బోదెలోకి తీసేస్తే అది పోయేదే.

సున్నపు తేటతో ఇంట్లో చేసే పరీక్ష

ల్యాబు రిపోర్టు వచ్చేలోగా మీ మట్టిలో బ్యాక్టీరియా బతికుందో లేదో మీరే చూడొచ్చు. గట్టి మూతలున్న పెద్ద గాజు సీసాలు మూడు తీసుకోండి. ఒకదాంట్లో పక్క చేను మట్టి, రెండోదాంట్లో ఆయిల్ మట్టి, మూడోదాంట్లో ఆయిల్ మట్టికి చిటికెడు డీఏపీ ఎరువు (నత్రజని, భాస్వరం రెండూ ఉండేది) పొడి కలిపి, తలా పావుకిలో వేయండి. మూడింటికీ ఒకేలా కొద్దిగా తడి చేయండి. తమలపాకు సున్నాన్ని నీళ్లలో కలిపి, రాత్రంతా ఉంచి, పైన తేరిన తేటని జాగ్రత్తగా వంచుకోండి. ఆ తేటని చిన్న గాజు గిన్నెల్లో పోసి, ఒక్కొక్క సీసాలో మట్టి మీద ఒక గిన్నె నిలబెట్టి, మూత బిగించి నీడలో పెట్టండి.

బ్యాక్టీరియా తింటూ వదిలిన కార్బన్ డయాక్సైడుకి సున్నపు తేట మీద తెల్లటి పొర కడుతుంది, తర్వాత తేటంతా పాలలా మారుతుంది. ఏ సీసాలో ముందు మారిందో, ఏ గిన్నెలో పొర మందంగా ఉందో రోజూ చూసి రాసుకోండి. ఆయిల్ మట్టిలో నెమ్మదిగా మారి, డీఏపీ కలిపినదాంట్లో త్వరగా మారితే మీ మట్టిలో పనివాళ్లు ఉన్నారు, వాళ్లకి ఎరువే తక్కువైందని తేలినట్టే. ఈ పరీక్షలో యూరియా వాడకండి, అది విరిగేటప్పుడు తనంతట తానే కార్బన్ డయాక్సైడు వదిలి లెక్క తప్పిస్తుంది. ఇది ల్యాబు పరీక్షకి బదులు కాదు. కానీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్ల ఉంటే ఆమె చేత చేయించండి, చేను మీద ఆశ పుట్టడానికి ఆ తెల్లటి పొర చాలు.

మడి సిద్ధం చేయడం

ఆయిల్ పై అడుగులోపే ఆగితే, ఉన్నచోటే పని చేయొచ్చు. చుట్టూ గట్టు వేసి, గట్టు లోపల అడుగున్నర లోతు బోదె తవ్వి, ఒక మూల గుంటలోకి నీరు దిగేలా వాలు ఇవ్వండి. గుంటలో ప్లాస్టిక్ పట్టా పరచాలి. అందులో చేరిన నీటిని కాలువలోకి వదలకుండా, మళ్లీ మడి మీదే చల్లాలి. ఆ నీటిలో మనం వేసిన ఎరువూ ఉంటుంది.

ఆయిల్ లోతుగా దిగినా, మీ ఊళ్లో రెండడుగులకే నీరు పడుతున్నా మట్టిని పైకి తీయక తప్పదు. మెరక జాగాలో మందమైన ప్లాస్టిక్ షీటు రెండు పొరలుగా పరిచి, చుట్టూ అడుగు ఎత్తు గట్టు వేసి, మట్టిని అడుగు నుంచి అడుగున్నర మందం మించకుండా పరవాలి. అంతకు మించితే దున్నినా కింది పొరకి గాలి అందదు. ఇంటికి, తాగునీటి బావికి, చేపల చెరువుకి దూరంగా ఉండే జాగా చూడండి.

గోదావరి ఒండ్రు నేల జిగురు నేల. ఆయిల్ పట్టాక ఇంకా గడ్డకట్టి, పార దిగినచోట మైనంలా మెరుస్తుంది. దాన్ని గుల్లపరచడానికి ఏదైనా కలపాలి. వరి ఊక, చివికిన కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు, వీటిలో ఏది దొరికితే అది. పది తట్టల మట్టికి ఒక తట్ట, మరీ జిగురైతే రెండు. పచ్చి కొబ్బరి పొట్టు మాత్రం వద్దు, అది కుళ్లేటప్పుడు నత్రజని మొత్తం తనే లాగేసుకుంటుంది. ఉప్పునీళ్లలో నానబెట్టిన పీచు నుంచి వచ్చిన పొట్టైతే ఉప్పు కూడా తెస్తుంది. పెంట మరీ ఎక్కువ వేసినా తప్పే, తేలిగ్గా దొరికే తిండి ఉండగా బ్యాక్టీరియా ఆయిల్ జోలికి రాదు.

ఊక కలిపాక ఇంకోసారి టీపీహెచ్ శాంపిల్ తీయించండి. ఇది చాలా ముఖ్యం. ఊక కలపగానే ఆయిల్ శాతం కాగితం మీద తగ్గుతుంది, ఎందుకంటే మట్టి పెరిగింది. కలపకముందు అంకెని, కలిపాక అంకెని పక్కపక్కన పెట్టి "చూడండి, నెలలోనే ఇంత తగ్గింది" అని చూపించే రిపోర్టులు వస్తుంటాయి. మీ లెక్క కలిపాక తీసిన శాంపిల్ నుంచే మొదలవ్వాలి.

ఎరువు లెక్క

ఆయిల్ నిండా కార్బనే. నత్రజని, భాస్వరం దాదాపు ఉండవు. బ్యాక్టీరియా ఒళ్లు పెరగాలంటే అవి రెండూ కావాలి. వాడుకలో ఉన్న నిష్పత్తి 100 పాళ్ల కార్బన్‌కి 5 నుంచి 10 పాళ్ల నత్రజని, 1 పాలు భాస్వరం. నేను 5 నుంచే మొదలుపెట్టమంటాను.

ఒక సెంటుకి లెక్క వేద్దాం. సెంటు అంటే సుమారు 40 చదరపు మీటర్లు. ఆరంగుళాల లోతు వరకు మట్టి 6 ఘనపు మీటర్లు, బరువు దాదాపు ఎనిమిదిన్నర టన్నులు. టీపీహెచ్ 2 శాతం అనుకుంటే అందులో ఆయిల్ 170 కిలోలు. ఆయిల్‌లో 85 శాతం కార్బన్, అంటే 145 కిలోలు. దానికి 7 కిలోల పైచిలుకు నత్రజని, కిలోన్నర భాస్వరం కావాలి. డీఏపీ బస్తా మీద 46 అని రాసి ఉండేది పీ2ఓ5 (ఆక్సిజన్‌తో కలిసిన భాస్వరం) లెక్క, అసలు భాస్వరం 20 శాతమే. కాబట్టి 7 కిలోల డీఏపీతో భాస్వరం సరిపోతుంది, కిలో పైన నత్రజనీ వస్తుంది. మిగిలిన 6 కిలోల నత్రజనికి 13 కిలోల యూరియా. మొత్తం సెంటుకి 7 కిలోల డీఏపీ, 13 కిలోల యూరియా. మీ టీపీహెచ్ 1 శాతమైతే ఇందులో సగం, మట్టి అడుగు లోతైతే దీనికి రెట్టింపు.

ఇంత ఎరువు వరికి వేస్తే చేను మాడిపోతుంది. ఒకేసారి వేస్తే బ్యాక్టీరియా కూడా అంతే, మట్టి తేమలో ఎరువు ఉప్పు పెరిగిపోయి వాటి ఒంట్లో నీరే బయటికి వచ్చేస్తుంది. అందుకని ఐదు దఫాలుగా, రెండు వారాలకొకసారి వేయండి. ఒక్కో దఫాకి సెంటుకి కిలోన్నర డీఏపీ, రెండున్నర కిలోల యూరియా. చల్లిన వెంటనే మట్టిలో కలిసేలా దున్ని తడి ఇవ్వాలి, లేకపోతే యూరియా సగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. మూడో దఫాకి ముందు మట్టి పరీక్ష కేంద్రంలో నత్రజని చూపించుకోండి. ఇంకా మిగిలి ఉంటే ఆ దఫా ఆపేయండి. భూగర్భ జలంలోకి నైట్రేటు దింపి మనమే ఇంకో కాలుష్యం తేకూడదు.

దున్నడం, తడి

మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత వారానికొకసారి, మూడు నెలలు దాటాక పదిహేను రోజులకొకసారి మట్టిని తిరగేయాలి. నాలుగైదు సెంట్లైతే పవర్ టిల్లర్ చాలు, ఇంకా చిన్నదైతే పారలతో. ప్రతిసారీ అడ్డం ఒకసారి, నిలువు ఒకసారి. జిగురుగా తడిసి ఉన్నప్పుడు దున్నకండి, బెడ్డలు కట్టి, ఒక్కో బెడ్డ లోపల ఆయిల్ గాలి తగలకుండా దాక్కుంటుంది. దున్నేవాళ్లకి బూట్లు, రబ్బరు గ్లవ్స్, ఆవిరి ఆపే మాస్కు ఉండాలి. ఉత్త కాళ్లతో దిగితే చర్మం పగిలి, దద్దుర్లు వస్తాయి.

తడి చూసే పద్ధతి ఇది. గ్లవ్స్ వేసుకున్న చేత్తో గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. ఉండ కట్టాలి. వేళ్ల సందుల్లో నుంచి నీరు కారకూడదు. బొటనవేలితో నొక్కితే ఉండ విడిపోవాలి. ఉండే కట్టకపోతే నీళ్లు చల్లండి, నీరు కారితే ఒక రోజు ఆరనిచ్చి దున్నండి. మే నెల ఎండకి పై రెండంగుళాలు పూటలో ఆరిపోతుంది, సాయంత్రం పూట నీళ్లు చల్లి పైన కొబ్బరాకులు పరిస్తే నిలుస్తుంది. వేడి గురించి మాత్రం దిగులు లేదు. ఈ బ్యాక్టీరియాకి నచ్చే 25 నుంచి 40 డిగ్రీల వేడి మనకి దాదాపు ఏడాదంతా ఉంటుంది. చలిదేశాల వాళ్లకి లేని అదృష్టం ఇది.

కాలం చూసుకోవడం మన చేతుల్లో ఉంది. దాళ్వా (రబీ వరి) కోత అయ్యాక మార్చి, ఏప్రిల్‌లలో మొదలుపెడితే వానలు పడేలోగా మంచి రెండు మూడు నెలలు దొరుకుతాయి. మొదటి వంద రోజుల పనే అసలైన పని. జూలైలో మొదలుపెడితే నీళ్లు తోడటంతోనే సరిపోతుంది. వానాకాలంలో వెదురు కర్రల మీద టార్పాలిన్ పట్టా కప్పి, పక్కల నుంచి గాలి ఆడేలా వదలండి.

కొబ్బరి చెట్ల మధ్య టిల్లర్ తిప్పకండి. కొబ్బరి వేళ్లలో ఎక్కువ భాగం మాను చుట్టూ రెండు మీటర్లలోనే ఉంటుంది. అక్కడ పై మట్టిని పారతో నాలుగంగుళాలు గీకి తీసి మడిలో వేసి, వేళ్ల చుట్టూ మాగిన ఎరువు, కొత్త మట్టి వేయాలి. చెట్ల వరసల మధ్య మట్టిని గునపంతో గుల్ల చేస్తే చాలు.

కొన్న బ్యాక్టీరియా ఎప్పుడు

అమెరికాలో స్థిరపడిన మన బెంగాలీ శాస్త్రవేత్త ఆనంద్ చక్రవర్తి తయారుచేసిన ఆయిల్ తినే సూడోమోనాస్‌కి పేటెంట్ ఇవ్వొచ్చని 1980లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రపంచమంతా ఆ పేరు మోగింది. ఆ బ్యాక్టీరియాని మాత్రం ఏ ఆయిల్ ప్రమాదంలోనూ బయట వదల్లేదు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి 4 కోట్ల లీటర్ల క్రూడ్ పోయినప్పుడు తీరాన రాళ్ల మీద చల్లింది ఎరువు. అక్కడి స్థానిక బ్యాక్టీరియా దాంతో పుంజుకుంది. తర్వాతి ఏడాది మార్కెట్లో అమ్మే బ్యాక్టీరియా మందుల్ని కూడా ఆ తీరాన పరీక్షించారు. చెప్పుకోదగ్గ అదనపు లాభం కనబడలేదు.

అలాగని కొన్న బ్యాక్టీరియా దండగ అనలేం. మన దేశంలో టెరి అనే పరిశోధన సంస్థ ఐదు రకాల బ్యాక్టీరియాని కలిపి ఆయిల్‌జాపర్ అనే మిశ్రమం తయారుచేసింది. దాన్ని రిఫైనరీల్లో, ఆయిల్ క్షేత్రాల్లో పేరుకున్న బురద మీద వాడుతున్నారు. ఓఎన్‌జీసీ, టెరి కలిసి అందుకోసం ఒక కంపెనీయే పెట్టాయి. ట్యాంకుల అడుగున తేరిన బురదలో స్థానిక బ్యాక్టీరియా తక్కువ, ఆయిల్ ఎక్కువ. అక్కడ బయటి నుంచి తెచ్చి వేయడంలో అర్థం ఉంది. మీ చేలో గ్రాము మట్టిలో బ్యాక్టీరియా వెయ్యికి తక్కువ ఉందని ల్యాబు చెప్పినా, సున్నపు తేట పరీక్షలో డీఏపీ వేసినా ఏ మార్పూ లేకపోయినా మీరూ అడగొచ్చు.

ఇంటికొచ్చి డబ్బా అమ్మేవాళ్లని ఇవి అడగండి: గ్రాముకి లేదా మిల్లీలీటరుకి ఎన్ని బతికున్న కణాలు, ఎప్పుడు తయారైంది, ఎప్పటివరకు బతుకుతాయి, ఏ జాతులు. పేరు చెప్పకుండా "సీక్రెట్ ఫార్ములా" అంటే పంపించేయండి. అంతా బాగానే చెప్పినా ముందు మూడు టబ్బుల్లో మీ మట్టితోనే చూడండి. ఒకదాంట్లో దున్నడం, తడి మాత్రమే, రెండోదాంట్లో అదనంగా ఎరువు, మూడోదాంట్లో ఎరువుతోపాటు వాళ్ల మందు. నెలన్నర తర్వాత మూడింటికీ టీపీహెచ్ చేయించండి. రెండోదానికి, మూడోదానికి మధ్య ఉన్న తేడాయే ఆ డబ్బా విలువ.

ఎన్నాళ్లు, ఎక్కడ ఆపాలి

నెలకొకసారి శాంపిల్ తీసి కాగితం మీద గీత గీసుకోండి. మొదటి నెల టీపీహెచ్ బాగా పడిపోతుంది. అందులో కొంత బ్యాక్టీరియా గొప్ప కాదు, తేలికపాటి ఆయిల్ ఆవిరైపోయింది. తర్వాత రెండు మూడు నెలల్లో పడేదే అసలు పని. డీజిల్ అయితే మన వేడికి నాలుగైదు నెలల్లో చాలావరకు పోతుంది. క్రూడ్‌కి ఆరు నెలల నుంచి రెండేళ్లు చూసుకోవాలి. ఒక దశ తర్వాత గీత చదునవుతుంది. ఎరువు, తడి, గాలి మూడూ సరిగ్గా ఉండి కూడా చదునైందంటే మిగిలింది బరువైన తారు భాగం. ఇంకా ఎరువు వేసి లాభం లేదు.

టీపీహెచ్ 1 శాతానికి వచ్చిందని పని ముగించేస్తామంటారు. బురద గుంటకి అది సరిపోవచ్చు. అన్నం పండే నేలకి సరిపోదు, పక్క చేను శాంపిల్‌కి దగ్గరగా రావాలని పట్టుబట్టండి. మొలక పరీక్ష కూడా మీరే చేయండి. ఒక మూకుట్లో మీ మట్టి, ఇంకో మూకుట్లో పక్క చేను మట్టి పోసి, తలా పాతిక పెసలు వేసి, ఒకేలా నీళ్లు చల్లండి. మొలిచినవి లెక్కపెట్టడంతో ఆగకండి, వారం తర్వాత మొక్కల్ని లాగి వేళ్లు చూడండి. ఆయిల్ మిగిలిన మట్టిలో మొలక వచ్చినా వేరు పొట్టిగా, కొస గోధుమరంగుకి తిరిగి ఉంటుంది.

వేళ్లు బాగుంటే మొదటి పైరుగా జీలుగ చల్లండి. కొంచెం ఉప్పుని, తడిని తట్టుకుంటుంది, దాని వేళ్ల చుట్టూ బ్యాక్టీరియా ఇంకా పెరుగుతుంది, మిగిలిన ఆయిల్ కూడా కొంత పోతుంది. ఆ జీలుగని పశువులకి కోసి వేయకండి, పూతకి ముందు అక్కడే కలియదున్నండి. ఆ తర్వాతి కారుకి వరి వేయొచ్చు. మొదటి పంట ధాన్యాన్ని విడిగా కుప్ప వేసి, ల్యాబులో భార లోహాలు, హైడ్రోకార్బన్లు చూపించాకే ఇంట్లోకి తీసుకోండి. గడ్డి కూడా అంతే, రిపోర్టు వచ్చేదాకా వాముకి చేర్చకుండా చేలోనే ఉంచండి. ఈ పరీక్షల ఖర్చు, పంట పోయిన ప్రతి కారు నష్టం పరిహారం దరఖాస్తులో రాయండి, వెనక రసీదులు జత చేయండి.